ఒహాయోలో బుడతకీచులు

జపాన్ వాళ్ళు తెల్లవాళ్ళని మొదటిసారి చూసి ఏమనుకున్నారో తెలుసుకోవాలంటే ఒహాయో వెళ్ళాలని నాకు ఎవరూ చెప్పలేదు. నేనుండేది అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. అది ఉద్యోగం కాదు, పుట్టుకతో వచ్చిన బుద్ధి అని మావాళ్ళంటారు. బొమ్మలంటే నాకు ప్రాణమేమీ కాదు, మ్యూజియంలో అడుగు పెట్టగానే నేను ముందు వెతికేది కూర్చోడానికి బల్ల. అలాంటిదాన్ని సెలవు పెట్టుకుని, విమానమెక్కి, కారెక్కి, రెండు రాష్ట్రాలు దాటి ఒక మడత తెర చూసి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ ఆ కథ చెప్పి నోరు నొప్పెట్టింది. రాసి పడేస్తే అందరూ చదువుకుంటారు, నా నోటికీ విశ్రాంతి అని కూర్చున్నాను.

మడత తెరంటే మరేం కాదు. మన ఊళ్ళో డాక్టరుగారి గదిలో పేషెంటుకి అడ్డంగా పెట్టే ఆకుపచ్చ గుడ్డ తెర ఉంటుంది చూడండి, అలాంటిదే. కాకపోతే జపాన్ వాళ్ళు దానికి బంగారు రేకు అతికించి, దాని మీద ఓడలూ, మనుషులూ, గుర్రాలూ వేశారు. పోర్చుగీసు వర్తకులు సరుకు దించుతుంటే ఊరంతా నోరు తెరుచుకుని చూసిన వైనం అందులో ఉంది. మన పాత తెలుగులో ఆ పోర్చుగీసు వాళ్ళని బుడతకీచులనేవారు. పేరు వింటేనే కాళ్ళకింద పాకే పురుగేదో గుర్తొస్తుంది గానీ, మనవాళ్ళు నిజంగానే అలా పిలిచారు.

నేపర్‌విల్

తెర చూడాలన్నది వంక మాత్రమే. అసలు సంగతి మా సామ్సన్ మామయ్యది.

మామయ్య మా అమ్మకి తమ్ముడు. బందరులో పుట్టి, మద్రాసులో ఫార్మసీ చదివి, ముప్ఫై ఏళ్ళుగా ఇల్లినాయ్‌లో ఈ నేపర్‌విల్‌లో ఉంటున్నాడు. అక్కడి తెలుగు చర్చిలో సంఘపెద్ద. ఆయన ఒక్కగానొక్క కూతురు షారన్ అక్కడే పుట్టి పెరిగింది. షారన్ రెండేళ్ళుగా కెన్ అనే అబ్బాయిని ప్రేమిస్తోంది. కెన్ కూడా ఇక్కడే పుట్టాడు గానీ అమ్మానాన్నలు జపాన్ వాళ్ళు. తండ్రి పోయాడు, తల్లి ఒహాయోలో, క్లీవ్‌ల్యాండ్‌లో ఉంటుంది. పెళ్ళి మాటెత్తితే మామయ్య ‘చూద్దాం’ అంటాడు. కెన్‌ని ఇంటికి పిలుద్దామంటే ‘చూద్దాం’. వాళ్ళమ్మని కలుద్దామంటే అదే ‘చూద్దాం’. చూడకుండా ఉండడానికి ఇంతకంటే మంచి మాట తెలుగులో లేదు.

అప్పుడు షారన్ నాకు ఫోన్ చేసింది. కెన్ వాళ్ళమ్మ మిచికోగారు రిటైరయ్యాక ఒక చిన్న మ్యూజియంలో ఊరికే సాయంగా బొమ్మల గురించి చెబుతుంటుంది. అక్కడి మడత తెర మీద నల్లంగీల పాదిరీలు కూడా ఉన్నారు. మామయ్య మిషనరీల చరిత్రంటే చెవి కోసుకుంటాడు. ఇక నేను ఊరుకుంటానా? ఫోన్ చేసి, ‘మామయ్యా, జపాన్‌లో అడుగు పెట్టిన మొదటి పాదిరీల బొమ్మలున్నాయట, చూసొద్దాం’ అన్నాను. ‘కేథలిక్కులేననుకో’ అని కాసేపు నసిగి, ‘సర్లే, రా’ అన్నాడు. చేప గాలానికి పడిందని షారనూ నేనూ ఫోన్లోనే నవ్వుకున్నాం.

ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తూ కార్‌లో షారన్ మాత్రం నవ్వలేదు.

"వదినా, డాడీ నో అన్నా నేను పెళ్ళి చేసుకుంటాను. ఐ యామ్ నాట్ స్కేర్డ్. బట్ డాడీ నా చెయ్యి పట్టుకొని చర్చిలో నడవాలి కదా. డాడీ రాకపోతే... ఊరికే పెళ్ళి అయిపోతుంది. అంతే."

దాని తెలుగుకి ముద్దొచ్చి ఎప్పుడూ ఏడిపిస్తుంటాను. ఆ రోజు ఏడిపించబుద్ధి కాలేదు. ఆ ‘అంతే’ నాకు గుచ్చుకుంది.

ఇంట్లో కమలత్తయ్య చేపల పులుసు పెట్టి, మామయ్య చెయ్యి కడుక్కోడానికి లేవగానే నా చెవిలో, "నాకు హాస్పిటల్లో డ్యూటీ ఉందే, నేను రాలేను. ఆయన నోరు నీ చేతిలో పెడుతున్నా," అంది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ వల్ల కానిది రెండు రోజులకి నాకప్పగించింది.

ఇండియానా: కొక్కేల ఊరు

పొద్దున్న మామయ్య సూటు వేసుకుని కిందికి దిగాడు. నేవీ బ్లూ సూటు, ఎర్ర టై.

"మ్యూజియంకి వెళ్ళేది రేపు కదా మామయ్యా, ఇవాళే సూటెందుకు?" అన్నాను.

"మడత పెడితే నలుగుద్దే. ఒంటిమీదుంటేనే సేఫు."

ఈ లాజిక్‌కి ఎదురు చెప్పే తెలివి నాకు లేదు. షారన్ డ్రైవ్ చేసింది. ఇండియానాలో దారంతా మొక్కజొన్న. మధ్యాహ్నానికి హైవే దిగి ఆమిష్ వాళ్ళ ఊరొకటి ఉంటే అక్కడ ఆగాం. ఆమిష్ వాళ్ళు కరెంటూ కార్లూ వద్దనుకుని పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవులు. మగవాళ్ళకి మీసం లేని గడ్డం, ఆడవాళ్ళకి నెత్తిన తెల్ల కుచ్చు టోపీ. షాపు ముందు కార్లకి ఒకవైపు, గుర్రపు బగ్గీలకి ఒకవైపు పార్కింగ్. మామయ్య బగ్గీని చూసి, "మా చిన్నప్పుడు బందరు స్టేషన్‌లో ఇవే. డెవలప్ అయ్యి అమెరికా వచ్చాం, ఇక్కడా ఇవేనా!" అన్నాడు.

భోజనానికి పొడుగాటి బల్లలు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ పక్కనే కూర్చోవాలి, బంతి భోజనాల్లాగే. వేయించిన కోడి, ఉడికించిన బంగాళదుంప, ఒక సీసాలో ‘చౌచౌ’ అని వాళ్ళ పచ్చడి. మామయ్య ఆశగా గరిటెడు వేసుకున్నాడు. క్యాబేజీ, బీన్సు, పంచదార, వెనిగరు.

"దీన్ని పచ్చడంటే మా అమ్మ గరిటె పుచ్చుకుని తరిమేది," అన్నాడు. అంటూనే మొత్తం తిన్నాడు. తర్వాత అయిదు డాలర్ల ‘పాయసం పై’ ముక్క. మీగడా పంచదారా కలిపి పిండి రేకులో పోసి కాల్చిన ఆ మిఠాయి అసలు పేరు వేరే గానీ, మామయ్య పెట్టిన పేరిది. ఇన్నేళ్ళయినా డాలర్లని రూపాయల్లోకి మార్చకుండా ఏదీ నోట్లో పెట్టడు. మార్చి, గుండె పట్టుకుని, ఇంకో ముక్క చెప్పాడు.

ఆ రెండో ముక్క సూటుకి ఎక్కువైంది. నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపేసరికి పొట్ట దగ్గర బొత్తాం టప్పున తెగి, ఎగిరి, ఎదురుగా కూర్చున్న ఆమిష్ పెద్దాయన సూపులో పడింది. షారన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ పెద్దాయన ఏమీ కంగారు పడలేదు. చెంచాతో బొత్తాం తీసి, తుడిచి చూశాడు. రెండు చెక్కలైంది. దాన్ని మామయ్య ముందు పెట్టి, తన నల్ల కోటు అంచు తిప్పి చూపించాడు. బొత్తాలు లేవు, వరసగా కొక్కేలు.

"అందుకే మేము వీటి జోలికి పోం," అన్నాడు, నవ్వకుండా.

ఆయన భార్య తన ఏప్రన్‌కి పెట్టుకున్న గుండుసూది ఒకటి తీసి ఇచ్చింది. అక్కడి ఆడవాళ్ళు బట్టలన్నీ గుండుసూదులతోనే బిగించుకుంటారట. చీర కుచ్చిళ్ళకి పిన్ను పెట్టుకునే దాన్ని కాబట్టి నాకు వింతనిపించలేదు. మామయ్య సూటు మూసి నేనే సూది గుచ్చాను. ఊపిరి గట్టిగా పీలిస్తే గుచ్చుకుంటుందని ముందే హెచ్చరించాను కూడా.

మళ్ళీ హైవే ఎక్కాక మామయ్య కిటికీలోంచి చూస్తూ, తాపీగా, "ఆ కుర్రాడి తల్లి అక్కడే గైడు కదా?" అన్నాడు.

షారన్ కారు పక్క లేన్‌లోకి వెళ్ళొచ్చింది.

"మీకు... ఎలా తెలుసు మామయ్యా?"

"మీ అత్తయ్య పెళ్ళయ్యాక దాచిన రహస్యం ఒక్కటుంటే చెప్పు. అయినా నువ్వు బొమ్మలు చూడ్డానికి ఫ్లైట్ ఎక్కొచ్చావంటే నమ్మడానికి నేనేమన్నా వెర్రివెంగళప్పనా?"

అంటే సూటు అందుకన్నమాట. గాలానికి పడిన చేప ఎవరో నాకు అప్పుడర్థమైంది.

"సో డాడీ, యు ఆర్ ఓకే?" అంది షారన్, అద్దంలో చూస్తూ.

"బొమ్మలు చూస్తా. మనుషుల సంగతి తర్వాత," అన్నాడు.

ఉప్పు లేని సముద్రం

ఎరీ సరస్సుకి అవతలి ఒడ్డు కనపడదు. అలలూ ఉన్నాయి, కొంగలూ ఉన్నాయి. మామయ్య బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, సూటుతోనే నీళ్ళలోకి దిగి, వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు వెయ్యడం మర్చిపోయారు," అన్నాడు.

గట్టు మీద గాలం వేసుకుని ఒక నల్లాయన కూర్చుని ఉన్నాడు. బకెట్‌లో మూరెడు చేపలు. వాటిని వాలై అంటారట. మామయ్య వంగి ఒకదాని మొప్ప ఎత్తి చూసి, తాజాగా ఉందని మెచ్చుకున్నాడు. బందరువాడికి చేప దొరికితే భాషతో పనుండదు. వాళ్ళిద్దరూ పావుగంట సేపు మాట్లాడుకున్నారు. ముల్లు తియ్యడం, పొలుసు గీకడం, పెళ్ళాలు వండే తీరు. ఆఖర్న ఆయన, "రేపు ఏంటి ప్రోగ్రాం?" అని అడిగాడు.

"మా అమ్మాయిని అడుగుతున్నారు. వాళ్ళ పిల్లాణ్ణి చూడాలి," అన్నాడు మామయ్య.

"మంచివాడేనా?"

"మంచివాడే. అదే ప్రాబ్లం. చెడ్డవాడైతే నో అని చెప్పడం ఈజీ కదా."

షారన్ దూరంగా కారు దగ్గరుంది. తను వినలేదు. నేను విన్నాను. ఆ సాయంత్రం వేయించిన వాలై తిన్నాం, మెత్తగా తియ్యగా ఉంది. పండుగప్ప ముందు బలాదూరే అని మామయ్య తీర్పు చెప్పాడు. నాకు మాత్రం ఆయన గట్టు మీద అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. ఆయన నోరు అదుపులో పెట్టమంది అత్తయ్య, లోపలున్నదాన్ని ఏం చెయ్యమంటుంది?

బంగారు తెర

మ్యూజియం పేరు చెప్పను, మామయ్య మళ్ళీ వెళ్ళాలనుకుంటున్నాడు. పూర్వం ఒక ఇనుము వ్యాపారి కట్టుకున్న ఇల్లది. టికెట్ దగ్గర అమ్మాయి ‘సీనియరా?’ అని అడిగితే మామయ్యకి కోపమొచ్చింది. తగ్గింపు ఎంతో తెలిశాక కోపం పోయింది.

లోపల మిచికోగారు ఎదురొచ్చింది. పొట్టి మనిషి, పొట్టి నెరిసిన జుట్టు, బూడిదరంగు గౌను. పక్కన కెన్, ఆరడుగుల మనిషి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. ఆవిడ నడుము వంచి, "ఒహాయో గొజాయిమాస్," అంది.

"నో నో మేడమ్, ఇల్లినాయ్," అన్నాడు మామయ్య. "ఒహాయోకి విజిటింగ్."

ఒహాయో అంటే జపాన్ భాషలో శుభోదయం. కెన్ చెప్పబోతే వాళ్ళమ్మ కళ్ళతోనే ఆపి, "ఇల్లినాయ్ చాలా మంచి రాష్ట్రం," అంది. ఆవిడ మాట్లాడిందంతా ఇంగ్లీషులోనే, నేను తెలుగులో రాస్తున్నాను. ఈవిడ నాకు ఆ క్షణంలోనే నచ్చేసింది.

ఇక తెర. గదిలో దీపాలు తగ్గించి పెట్టారు. ఆరేసి రెక్కల తెరలు రెండు, మనిషెత్తున, గది ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. మబ్బులన్నీ బంగారం. మబ్బుల సందులోంచి ఒక నల్లటి ఓడ. తాళ్ళ మీద కోతుల్లా వేళ్ళాడుతున్న కళాసులు. ఒడ్డున పట్టు బట్టలు, పెట్టెలు, బోనులో పులి, కళ్ళెం పట్టుకున్నా ఆగని గుర్రం. వాటి మధ్య బుడతకీచులు! ఒక్కొక్కడి ముక్కూ మునక్కాయంత. లాగులు మాత్రం నడుం నుంచి ఉబ్బి ఉబ్బి చీలమండ దగ్గర చటుక్కున బిగిసిపోయాయి.

"ఆ లాగులేంటే! ఒక్కోదాంట్లో బస్తా ధాన్యం పడుద్ది," అన్నాడు మామయ్య. నవ్వేసరికి గుండుసూది గుచ్చుకుని, "అబ్బా" అన్నాడు.

ఓడ ఎప్పుడో ఏడాదికోసారి గాలివాలు చూసుకుని వచ్చేదట. ఈ తెరలు వేసిన వాళ్ళలో చాలామంది ఆ తెల్లవాళ్ళని కళ్ళతో చూడనే లేదట. వాళ్ళూ వీళ్ళూ చెప్పింది విని, ఒకరి బొమ్మ చూసి ఇంకొకరు వేసేవారట. అందుకే ప్రతివాడు ముక్కు మరో అంగుళం పెంచి ఉంటాడు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో కెన్ గురించి జరిగింది కూడా సరిగ్గా ఇదే అని నేను పైకి అనలేదు. నాకు మాత్రం బొమ్మలో అంగళ్ళ ముందు వేలాడే గుడ్డ పక్కకి తీసి తొంగి చూస్తున్న ఆడవాళ్ళు తెగ నచ్చారు. పెళ్ళిచూపులకి ఎవరొచ్చినా మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడే గుంపు అదే.

మిచికోగారు మామయ్య కోటుకున్న సూది చూసి, "బొతాన్ పోయిందా?" అంది.

మామయ్య ఆగిపోయాడు. "ఏమన్నారు?"

"క్షమించండి. బటన్. మా భాషలో బొతాన్ అంటాం. వీళ్ళ దగ్గర నేర్చుకున్న మాటే," అని ఉబ్బు లాగుల వాళ్ళని చూపించింది.

"మేడమ్, మేమూ బొత్తాం అంటాం! వీళ్ళ దగ్గరే!"

ఇక చూడండి వాళ్ళిద్దరి బేరం. ఆవిడ సబ్బుని షాబోన్ అంది, ఈయన సబ్బు అన్నాడు. ఆవిడ రొట్టెని పాన్ అంది, ఈయన మనది కాకపోయినా పావ్‌భాజీని లాక్కొచ్చాడు. ఆవిడ నల్లంగీల మనుషుల్ని చూపించి వీళ్ళని బతెరెన్ అంటామంది. "పాదిరి! పాదిరి!" అని మామయ్య చప్పట్లు కొట్టాడు. ఆ ఓడ అక్కడికి వెళ్ళే ముందు మన రేవుల్లో కూడా ఇవే మాటలు దించి వెళ్ళిందన్న సంగతి ఆయనకి సొంత ఆస్తి దొరికినట్టుంది. షారన్ నా చెయ్యి గట్టిగా నొక్కింది. పని అయిపోయినట్టేననుకున్నాను.

"ఈ బొమ్మల్ని ఏమంటారు?" అన్నాడు మామయ్య ఉత్సాహంగా.

"నాన్‌బాన్ తెరలు."

"నన్బన్! నాకు తెలుసు! మద్రాసులో చదువుకున్నా కదా. అరవంలో నన్బన్ అంటే స్నేహితుడు. ఎంత మంచి పేరు పెట్టారండీ!"

మిచికోగారు ఒక్క క్షణం తటపటాయించింది. అబద్ధం చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. "మా భాషలో వేరే అర్థం. దక్షిణం నుంచి వచ్చిన అనాగరికులు అని."

"దక్షిణం నుంచి ఎవరొచ్చినా అంతేనా?"

"అప్పట్లో... అవును. దక్షిణపు సముద్రం మీద వచ్చినవాళ్ళందరూ."

మామయ్య మొహంలో వెలుగు తగ్గింది. దక్షిణం అంటే ఇంకెవరు, మనమే. చేతులు వెనక్కి కట్టుకుని తెర వెంబడి ఒక్కడే నడిచాడు. ఊరేగింపులో పెద్ద కెప్టెన్ నడుస్తున్న చోట ఆగాడు. కెప్టెన్ నెత్తిన పొడుగు కర్ర గొడుగు. దాన్ని పట్టుకున్నది నల్లటి, సన్నటి మనిషి. అందరి కాళ్ళకీ జోళ్ళున్నాయి, అతనికి లేవు.

"వీడెవరు?"

"ఎవరికీ తెలియదు. ఆఫ్రికా వాడు కావచ్చు, ఇండియా వాడు కావచ్చు. గోవా నుంచి వచ్చే ఓడల్లో ఇద్దరూ ఉండేవాళ్ళు," అంది మిచికోగారు.

"మనోడే," అన్నాడు మామయ్య నాతో, తెలుగులో. "ఆ నిలబడ్డం చూడవే. ఒంటికాలి మీద బరువేసి. బందర్లో బస్సు కోసం అందరం ఇలాగే నిలబడతాం." ఇంకాస్త దగ్గరగా వంగాడు. కీమని అలారం మోగింది. సెక్యూరిటీ ఆయన వచ్చి, "సర్, వెనక్కి," అన్నాడు. వెనక్కి వచ్చాడు, మళ్ళీ వంగాడు, మళ్ళీ కీమంది. మూడోసారి సెక్యూరిటీ ఆయన మామయ్య పక్కనే నిలబడిపోయాడు.

"ఇంత బంగారం, ఇంతమంది," అన్నాడు మామయ్య. "మనోడు కూడా వెళ్ళాడు. వెళ్ళి, గొడుగు పట్టాడు."



టీ గది

మ్యూజియంలో ఒక మూల చిన్న టీ గది ఉంది. మిచికోగారు ఇంట్లో చేసిన పసుప్పచ్చటి కేకు తెచ్చి కోసింది. కాస్తెరా అట, అది కూడా బుడతకీచుల చలవే. మామయ్య సంచీలోంచి బందరు హల్వా డబ్బా తీసి ఇచ్చాడు. అత్తయ్య ఎవరి చేతనో తెప్పించి ఫ్రీజర్‌లో దాచినది. ఆవిడ రెండు చేతులా అందుకుని, గుడ్డలో చుట్టి పక్కన పెట్టుకుంది.

"ఓపెన్ చెయ్యి మామ్," అన్నాడు కెన్.

ఆవిడా మామయ్యా ఒకేసారి అతని వంక గుర్రుగా చూశారు. ఇచ్చినవాళ్ళ ఎదుట డబ్బా విప్పడం ఏం మర్యాద! ఆ ఒక్క క్షణం ఇద్దరూ ఒకే ఇంటి పెద్దల్లా ఉన్నారు. అది పోనిచ్చి మామయ్య కేకు తిన్నాడు, బాగుందన్నాడు, వాతావరణం గురించి మాట్లాడాడు. టీ తాగాడు. లేచాడు. కోటు సర్దుకుని, ఇంగ్లీషులో, మహా మర్యాదగా అన్నాడు:

"మిమ్మల్ని కలవడం చాలా సంతోషం మేడమ్. ఇంటికెళ్ళి, ఆలోచించుకుని, కబురు చేస్తాం."

షారన్ మొహం వెలిగిపోయింది. "థ్యాంక్ యూ డాడీ!" కెన్ కూడా, "టేక్ యువర్ టైమ్, అంకుల్," అన్నాడు. పాపం, ఇక్కడ పుట్టిన పిల్లలు. ఆలోచిస్తానంటే ఆలోచిస్తారనే అనుకుంటారు. నాకు మాత్రం అర్థమైంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పకోడీలు తిని, ‘ఇంటికెళ్ళి కబురు చేస్తాం’ అన్నారంటే ఆ కబురు ఈ జన్మలో రాదని మన తెలుగిళ్ళల్లో ఎవరికి తెలియదు? మొహం మీద కాదని చెప్పలేక మన పెద్దలు కనిపెట్టిన మాటది.

నేను మిచికోగారి వంక చూశాను. ఆవిడ చిరునవ్వు అలాగే ఉంది, కప్పు మాత్రం నెమ్మదిగా కింద పెట్టింది. ఆవిడకీ అర్థమైంది.

"మిస్టర్ సామ్సన్," అంది. "కూర్చోండి. మా భాషలోనూ ఈ మాట ఉంది. ఆలోచించి చెబుతాను. మా అమ్మ ఆ మాట అనగానే ఇంటింటికీ తిరిగి చీపుళ్ళు అమ్మేవాడు మూట సర్దుకుని వెళ్ళిపోయేవాడు. ఇన్నేళ్ళయింది అమెరికా వచ్చి, ఇక్కడ ఎవరూ ఈ మాట ఇంత చక్కగా అనగా నేను వినలేదు." కాస్త ఆగి, "మీది నిజం ఆలోచనా, మా అమ్మ ఆలోచనా?" అంది.

మామయ్య జీవితంలో మొదటిసారి పట్టుబడ్డాడు. కూర్చున్నాడు. షారన్ ఆయన వంకా ఆవిడ వంకా చూసి, "వెయిట్, వాట్? డాడీ, నో అన్నావా?" అంది. నేను బల్ల కింద దాని చెయ్యి పట్టుకున్నాను.

"మీ అమ్మ ఆలోచనే," అన్నాడు మామయ్య చివరికి. "నిజం చెప్తానమ్మా. మీ అబ్బాయిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. రాత్రంతా వెతికా. కానీ ఆ తెర చూశాక నాకు భయమేసింది. అంత గొప్ప బొమ్మలో మావాడు చెప్పుల్లేకుండా గొడుగు పట్టుకుని ఉన్నాడు. మా అమ్మాయి మీ ఇంటికొస్తే, మీ వాళ్ళ బొమ్మలో అది ఎక్కడ నిలబడుద్ది? ఏం పట్టుకుంటది?"

మిచికోగారు తల వంచుకుని దాన్ని గురించి నిజంగానే ఆలోచించింది.

"నాకు తెలియదు," అంది. "పోయినేడు థ్యాంక్స్‌గివింగ్ పండక్కి మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం టీవీ రిమోట్ పట్టుకుంది. నేను వెళ్ళి పడుకునేదాకా వదల్లేదు."

"ఆంటీ!" అంది షారన్, ఏడుపు మధ్యలో.

"నా కుర్చీలో కూర్చుంది. నా దుప్పటి కప్పుకుంది. నేను చెక్క స్టూలు మీద కూర్చున్నాను."

ముందు కెన్ ఫక్కున నవ్వాడు, తర్వాత నేను. మామయ్య ఆపుకుందామని చూశాడు గానీ కడుపులోంచి వచ్చేసింది. సూది గుచ్చుకుంది, దాన్ని పీకి బల్ల మీద పడేసి మరీ నవ్వాడు. కోటు విచ్చుకుపోయింది. కళ్ళు తుడుచుకుని, ఇంకో కేకు ముక్క తీసుకుని, తినకుండా చేతిలో పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మీ వైపు ఎంతమంది వస్తారు?"

పెద్దవాళ్ళు ఒప్పుకున్నామని నోటితో అనరు. భోజనాల లెక్క అడుగుతారు. షారన్‌కి అది నేను చెవిలో చెప్పాల్సి వచ్చింది. చెప్పగానే అది లేచి వెళ్ళి వాళ్ళ నాన్న మెడ కావిలించుకుంది. ఆయన దాన్ని ఒక చేత్తో పట్టుకుని, మిచికోగారి జవాబు కోసం చూస్తున్నాడు.

మిచికోగారు వేళ్ళ మీద లెక్క పెట్టింది. తను. ఒసాకాలో ఉన్న తమ్ముడు. తమ్ముడి భార్య. నాలుగో వేలు దగ్గర ఆగి, కెన్ వంక చూసి, ఆ వేలూ మడిచింది.

"నలుగురం," అంది.

పెళ్ళికొడుకుని కూడా కలుపుకుంటేనే నలుగురు. మా వైపు చర్చి వాళ్ళు, బందరు వాళ్ళు, న్యూజెర్సీ వాళ్ళు, డల్లాస్ వాళ్ళు, పిలవకపోయినా వచ్చేవాళ్ళు. చర్చిలో నడవకి ఇటువైపు బల్లలు చాలక గోడ పట్టుకుని నిలబడే జనం, అటువైపు ముందు బల్ల మీద ముగ్గురు. మామయ్యకి కూడా అదే కనపడి ఉంటుంది, కేకు ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"అదేం కుదరదమ్మా," అన్నాడు. "మావాళ్ళలో సగం మంది మీ వైపు కూర్చుంటారు. పాటలు గట్టిగా పాడేవాళ్ళని నేనే ఏరి పంపిస్తాను."